జెండా చేతికొచ్చాక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఎదుటి జట్టు స్థావరంలోకి చొరబడి, అక్కడి జెండాను ఎత్తుకుని, ప్రాణాలతో వెనక్కి తెచ్చి, మన జెండా నిలబడి ఉన్న గద్దెకు తాకిస్తే ఒక పాయింటు. తుపాకుల కంప్యూటరు ఆటలలో ఆడే ‘క్యాప్చర్ ద ఫ్లాగ్’ ఆటకు మూలసూత్రం ఇంతే. కిందటి సంచికలో ఈ ఆటను పరిచయం చేసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే వచ్చాయి. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇరవై ఏళ్ల కిందట నెల్లూరు పొగతోటలో, ఆస్పత్రుల మధ్య ఒక సందులో, ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటరు ఒకటి ఉండేది. రాత్రి పదింటికి షట్టరు సగం దించి, ఈ గోడకు నలుగురం, ఆ గోడకు నలుగురం కూర్చుని ‘క్వేక్ త్రీ అరీనా’లో ఈ జెండా ఆట ఆడేవాళ్లం. కింద నేను చెప్పబోయే మాటలలో చాలా భాగం ఆ సందులో ఓడిపోయి నేర్చుకున్నవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎనిమిదింటికి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము ఐదుగురం కావలిలో డిగ్రీ చదువుతున్నాం. కాలేజీ ల్యాబ్‌లో ‘జోనోటిక్’ అనే తుపాకుల ఆట ఆడుకుంటాం. అందరికీ గురి బాగానే ఉంది. ఆట అయ్యాక పట్టిక చూస్తే ఎక్కువమందిని చంపినది మేమే. అయినా సీనియర్ల మీద ప్రతిసారీ 5–1, 4–0 తేడాతో ఓడిపోతున్నాం. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందుగా ఆ పట్టిక చూసుకోవడం మానండి. ఈ ఆటలో చచ్చినవాడు ఎక్కడికీ పోడు, తన ఇంటికి పోతాడు. రెండు మూడు క్షణాలలో తన స్థావరం వైపు, నిండు ప్రాణంతో మళ్లీ పుడతాడు. కాబట్టి ఒకణ్ని ఎప్పుడు చంపారు, ఎక్కడ చంపారు అనేదాన్ని బట్టి ఆ చావు మీకు లాభమో, నష్టమో తేలుతుంది.

మీ వాడొకడు ఎదుటి జెండా ఎత్తుకుని వాళ్ల స్థావరం గుమ్మం దాటుతున్నాడనుకోండి. సరిగ్గా అప్పుడే మీ స్థావరంలో ప్రత్యర్థి ఒకడు తిరుగుతున్నాడు, వాడి చేతిలో జెండా లేదు. మీ కాపలాదారు వాణ్ని రెండు రాకెట్లతో పడగొట్టాడు. పట్టికలో ఒక అంకె పెరిగింది, మీవాళ్లు కేక కూడా వేశారు. మరి చచ్చినవాడు ఎక్కడ లేచాడు? జెండాతో పరుగెడుతున్న మీవాడి ఎదురుగా! అంత దూరం తనంత తాను పరుగెత్తి రావలసినవాణ్ని మీరే ఆర్టీసీ బస్సెక్కించి, టికెట్టు కూడా కొనిచ్చి, వాళ్లింటి గుమ్మంలో దింపినట్టయింది. అలాంటి సమయంలో వాణ్ని చంపకుండా పది పదిహేను సెకన్లు స్తంభాల చుట్టూ తిప్పుకోగలిగిన కాపలాదారే నిజంగా పనికొచ్చేవాడు. వాడు మీ జెండా మీద చెయ్యి వేసిన మరుక్షణం మాత్రం ఈ లెక్క మారిపోతుంది, అప్పుడు ఆలోచించనక్కరలేదు.

దీనికి తిరగేసిన ఎత్తు కూడా ఉంది. మీ సీనియర్లు అదే వాడుతున్నారని నా అనుమానం. దాడి చెడిపోయి, ప్రాణం పదో ఇరవయ్యో మిగిలి, ఎదుటి స్థావరంలో ఇరుక్కుపోయినవాడు ఒక్కోసారి తప్పించుకోవాలని చూడడు. ఇంటి దగ్గర తన అవసరం పడిందని తెలిస్తే అక్కడే ఎదురెళ్లి చచ్చి, స్వగృహంలో నిండు ప్రాణంతో లేస్తాడు. మీరు ఆ చావును మీ గొప్పగా రాసుకుంటున్నారు, వాళ్లు దాన్ని వాహనంగా వాడుకుంటున్నారు.

ఇక రెండో విషయం. మీ ఐదుగురూ దాడికే పోతున్నారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. చాలా ఆటలలో మీ జెండా మీ గద్దె మీద ఉంటేనే తెచ్చిన జెండాకు పాయింటు పడుతుంది. మీరు వాళ్లది తెచ్చేలోగా వాళ్లు మీది ఎత్తుకుపోతే, రెండు జట్లూ చేతిలో జెండా పెట్టుకుని పాయింటు లేకుండా కూర్చోవలసి వస్తుంది. దీన్నే ఆడేవాళ్లు స్టాండాఫ్ అంటారు. ఐదుగురి జట్టులో ఇద్దరిని కాపలాకు, ఇద్దరిని దాడికి పెట్టి, ఐదోవాణ్ని నడుమ వదలడం అనుభవం మీద నిలబడిన పద్ధతి. నడిమివాడికి స్థిరమైన పని ఉండదు. వచ్చే దాడిని ఆలస్యం చేస్తాడు, మన జెండా మోసేవాడికి ఎదురు వెళ్లి దారి శుభ్రం చేస్తాడు. అందుకే జట్టులో మ్యాపు, అంటే ఆట జరిగే స్థలం, బాగా తెలిసినవాణ్ని అక్కడ పెట్టాలి, గురి బాగా ఉన్నవాణ్ని కాదు. మా జట్టులో ఆ స్థానం ఎప్పుడూ అందరికన్నా తక్కువ చంపే మిత్రుడిదే. వాడు రానిరోజు మేము గెలిచినట్టు నాకు గుర్తు లేదు.

స్టాండాఫ్ మొదలైతే జెండా ఉన్నవాడు వీరత్వం చూపకూడదు. ప్రాణం, కవచం దొరికే చోటికి దగ్గరగా, రెండు దారులున్న మూలలో ఉండి, ఇరవై ముప్పై సెకన్లకు ఒకసారి చోటు మార్చాలి. ఒక్కడు అతనికి తోడుండాలి. మిగిలిన ముగ్గురూ ఎదుటి జట్టులో జెండా ఉన్నవాడి కోసం వెతకాలి. అయితే ఆ ముగ్గురిలో ఒకణ్ని ఎదుటి ఖాళీ గద్దె దగ్గర దాక్కోమని చెప్పండి. మీవాళ్లు దొంగను పడగొట్టి మీ జెండాను తాకగానే అది ఇంటికి చేరుతుంది, జెండా మోస్తున్న మీవాడు గద్దెను తాకితే మీకు పాయింటు పడుతుంది, అదే క్షణాన వాళ్ల జెండా వాళ్ల గద్దె మీద మొలుస్తుంది. అక్కడ ముందే కాచుకున్నవాడు దాన్ని ఎత్తుకుని పరుగు తీస్తే, ఇంకా మీ స్థావరం చుట్టూ చెదిరి ఉన్న ప్రత్యర్థులు వెనక్కి తిరిగేసరికి సగం దారి గడిచిపోతుంది. ఒక స్టాండాఫ్ నుంచి రెండు పాయింట్లు రావడం ఇలాగే. మీరు ఆడే జోనోటిక్‌లో ఒక మెలిక ఉంది. రెండు జెండాలూ కొంతసేపు బయటే ఉండిపోతే, వాటిని మోస్తున్నవాళ్లు ఎక్కడున్నారో ఆట అందరికీ చూపిస్తుంది. అందువల్ల దాక్కోవడాన్నే నమ్ముకోకండి.

ప్రశ్న: జెండా తీసేదాకా బాగానే ఆడతాను. తీసిన తరువాత పది అడుగులు వేయకముందే పోతాను. ఆలస్యం చేయకుండా అతి దగ్గర దారినే పడతాను కూడా. (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దగ్గర దారి మీకు ఎంత దగ్గరో మిమ్మల్ని పట్టుకోవడానికి లేచినవాళ్లకూ అంతే దగ్గర. ఒంగోలులో దొంగతనం చేసి నెల్లూరుకు పారిపోయేవాడు హైవే ఎక్కితే, వాణ్ని పట్టుకునేవాళ్లు టంగుటూరు టోల్‌గేటు దగ్గర నిలబడితే చాలు. లోపలికి వెళ్లిన దారిన బయటికి రాకూడదన్నది మొదటి జాగ్రత్త, ఎందుకంటే వచ్చేటప్పుడు ఆ దారిలో మీరు ఎవరెవరిని తప్పించుకున్నారో వాళ్లంతా ఇప్పుడు అక్కడే ఉంటారు. బయటికి వచ్చే దారిని జెండా ముట్టుకోక ముందే నిర్ణయించుకోవాలి. జెండా తీయగానే ఆట ఆ సంగతిని అందరికీ ప్రకటిస్తుంది, ఆ తరువాత నిలబడి ఆలోచించడానికి ఎవరూ సమయం ఇవ్వరు.

మ్యాపును బట్టి దారి లేని సందర్భాలూ ఉంటాయి. 1999లో వచ్చిన ‘అన్‌రియల్ టోర్నమెంట్’లో ‘ఫేసింగ్ వరల్డ్స్’ అనే పేరున్న మ్యాపు ఇందుకు పెట్టింది పేరు. అంతరిక్షంలో తేలే రాతి మీద ఎదురెదురుగా రెండు ఎత్తైన బురుజులు, మధ్యలో దాక్కునే చోటే లేని నేల, బురుజుల మీద దూరం నుంచి గురి చూసి కాల్చే స్నైపర్లు. అక్కడ ఎంత వేగంగా పరుగెత్తినా ఒంటరిగా దాటడం అదృష్టం మీద ఆధారపడుతుంది. మీ స్నైపరు ఎదుటి బురుజు మీదివాణ్ని పడగొట్టాడని మైకులో విన్నాకే కాలు బయట పెట్టాలి. పడినవాడు మళ్లీ పైకి ఎక్కేదాకా ఉన్న వ్యవధే మీ సొత్తు. అదే ఆటలో ట్రాన్స్‌లొకేటరు అనే పరికరంతో ఒక చోట మాయమై మరో చోట తేలవచ్చు గానీ, జెండాతో ఆ పని చేస్తే జెండా అక్కడే జారి పడిపోతుంది. కొత్తవాళ్లందరూ ఒకసారైనా ఈ తప్పు చేసి జట్టు చేత తిట్లు తింటారు.

మీరు పట్టించుకోవలసిన అసలు సంగతి మరొకటి ఉంది. జెండా మోస్తూ చనిపోతే ఆ పరుగు వృథా కాదు. జెండా మీరు పడినచోటే ఉంటుంది. క్వేక్ త్రీలో పడిన జెండాను సొంత జట్టువాడు తాకితే వెంటనే ఇంటికి పోతుంది, ఎవరూ తాకకపోతే 30 సెకన్లకు దానంతటదే పోతుంది, ఈలోగా మీవాడు తాకితే పరుగు అక్కడి నుంచి సాగుతుంది. కాబట్టి ఇంటి వైపు మీరు లాక్కొచ్చిన ప్రతి అడుగూ జట్టుకు మూలధనమే. ఇది ఫలించాలంటే వెనక ఇంకొకడు రావాలి. అతడు మీ భుజం పక్కన నడవకూడదు. ఒక్క రాకెట్టు పేలితే దాని విసురు ఇద్దరికీ తగులుతుంది. అయిదారు సెకన్ల వెనక వస్తే, మీరు పడేసరికి మిమ్మల్ని చంపినవాడి ప్రాణం కూడా సగమై ఉంటుంది, వెనకవాడు వాణ్ని ముగించి జెండా అందుకుంటాడు. జోనోటిక్‌లో అయితే బతికుండగానే జెండాను తోటివాడికి అందించవచ్చు. చావు ఖాయమని తెలిసినప్పుడు మొండిగా పట్టుకుని చావడం కన్నా అందించి చావడం మేలు. ‘హేలో’ వరుస ఆటలలో చాలావాటిలో జెండా చేతిలో ఉండగా తుపాకీ పేల్చడానికే వీలులేదు. అక్కడ మోసేవాడు పూర్తిగా తోటివాళ్ల మీద ఆధారపడిన కావడి బరువు.

క్వేక్ త్రీలో దెబ్బ బలాన్ని పెంచే క్వాడ్ డ్యామేజ్ 30 సెకన్లు పనిచేస్తుంది, తీసుకున్న 2 నిమిషాలకు మళ్లీ పుడుతుంది. దాని సమయం గుర్తుపెట్టుకుని దాడిని దానికి ముడిపెట్టండి. అయితే క్వాడ్ తీసుకున్నవాడే జెండా ఎత్తుకోనక్కరలేదు. వాడు తలుపులు బద్దలు కొట్టే ఏనుగు, జెండాను వెనక వచ్చేవాడు తేవచ్చు.

ప్రశ్న: నేను పొదిలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా మనవడు ఆడుతుంటే చూశాను. ఇది మన చెడుగుడే కదా! దీన్ని ఎవరు పుట్టించారు? జెండాను ఎత్తుకుపోవడం, నేల మీద పడేయడం నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

జవాబు: మాస్టారూ, మీ పోలిక నాకు చాలా నచ్చింది. ఎదుటివాళ్ల నేల మీదికి ఒంటరిగా వెళ్లి, చేయవలసిన పని చేసి, కూత తెగకుండా గీత దాటి రావాలి. వెళ్లడం ఎవరైనా వెళతారు, రావడంలోనే ఆటంతా ఉంది. కబడ్డీలో రైడుకు 30 సెకన్లు, క్వేక్ త్రీలో పడిన జెండాకూ 30 సెకన్లే. ఆరుగురు మీద పడినా వేలి కొస గీతకు తగిలితే చాలని మీరు పిల్లలకు నేర్పి ఉంటారు. పడిపోయేవాడు ఇంటి వైపే పడాలని ఒంగోలు పాఠకుడికి నేను చెప్పినదీ అదే. ఒక్క తేడా ఉంది. చెడుగుడులో కూతకు వెళ్లేవాడు ఒక్కడే, ఒకరి తరువాత ఒకరు వెళతారు. ఇక్కడ రెండు జట్లూ ఒకే సమయంలో కూతకు వెళ్లినట్టుంటుంది, అందుకే ఇంట్లో ఎవరున్నారన్న బెంగ ఎప్పుడూ తప్పదు.

జెండా దొంగతనం కంప్యూటర్లకన్నా ముందు పాశ్చాత్య దేశాల పిల్లలు పొలాల్లో, అడవుల్లో ఆడుకున్న ఆట. నేలను రెండుగా గీసుకుని, చెరొక గుడ్డ కట్టి, అవతలి నేల మీద పట్టుబడినవాణ్ని ఖైదులో కూర్చోబెట్టేవారు, తోటివాడు వచ్చి తాకితే విడుదల. అంతకు ముందు యుద్ధాలలో సైన్యపు పతాకం శత్రువు చేతికి చిక్కడం పెద్ద పరాభవం. ఆ ఊహే ఆటకు మూలం. తుపాకుల కంప్యూటరు ఆటలలో దీనికి పేరు తెచ్చినది 1996లో ‘క్వేక్’ ఆటకు డేవ్ కిర్ష్ చేసిన త్రీవేవ్ అనే మార్పు. అందులో గోడలకు విసిరి ఎగబాకే కొక్కెం కూడా ఉండేది. జెండాల గురించి మీరు చింతించనక్కరలేదు. ఎరుపు ఒకటి, నీలం ఒకటి, ఏ దేశపు గుర్తూ ఉండదు. 2007లో వచ్చిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లోనైతే జెండా బదులు రహస్య కాగితాల పెట్టె ఉంటుంది. మీ మనవడికీ, వాడి స్నేహితులకూ ఒక ఆదివారం బడి మైదానంలో సున్నం గీత గీసి, రెండు చేతిరుమాళ్లు కట్టి ఆడించి చూడండి. కాపలా ఎంత కష్టమో తెర మీదకన్నా అక్కడ త్వరగా తెలుస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్యా, వాళ్ల స్నేహితులూ నన్ను ఎప్పుడూ కాపలాకే పెడతారు. నాకు ఆట రాదని వాళ్ల ఉద్దేశం. కాపలాలో నేర్చుకోవడానికి ఏమైనా ఉందా? (బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఇంటర్ విద్యార్థిని)

జవాబు: ఉందమ్మా. మీ అన్నయ్యకు ఆ సంగతి తెలియకపోవడం మీ అదృష్టం. తెలిస్తే ఆ చోటు తనే తీసుకునేవాడు.

జెండా పక్కన నిలబడకండి. అక్కడుంటే వచ్చేవాడికి ముందు మీరే కనిపిస్తారు, విసిరిన ప్రతి గ్రెనేడూ మీకే తగులుతుంది. వచ్చే దారికన్నా పోయే దారిని కాచండి. లోపలికి వచ్చేవాడు నిండు ప్రాణంతో, నిండు మందుగుండుతో, మీరెక్కడున్నారా అని చూసుకుంటూ వస్తాడు. జెండా తీసుకుని బయటపడేవాడు దెబ్బలు తిని, ఇంటి ధ్యాసలో, ఒకే దిక్కుకు పరుగెత్తుతాడు. రెండోవాణ్ని కొట్టడం తేలిక. నేను ఆడిన మ్యాపులో మా జెండా గదికి ఎదురుగా ఒక చిన్న ఎత్తు ఉండేది. దాని మీద గోడకు వీపు ఆనించి నిలబడితే గది గుమ్మమూ, కింద ర్యాంపూ రెండూ తెరలో ఒకేసారి కనిపించేవి. దొంగ గుమ్మం దాటి ర్యాంపు మీదికి దూకేవాడు. గాలిలో ఉన్నప్పుడు దిక్కు మార్చుకోలేడు కనుక, దిగే చోటుకు ముందే రాకెట్టు వదిలితే అదీ వాడూ ఒకేసారి నేలకు చేరేవారు. మీ మ్యాపులో అలాంటి ఎత్తు ఎక్కడుందో ఒక సాయంత్రం ఖాళీ సర్వరులో ఒంటరిగా తిరిగి వెతుక్కోండి.

హెడ్‌ఫోన్లు తప్పనిసరి. అడుగుల చప్పుడు, కవచం తీసుకున్న శబ్దం, నీళ్లలో దూకిన శబ్దం, వీటిలో ప్రతి ఒక్కటీ ఒక కబురు. ఆ కబురును మైకులో చెప్పడంలోనే కాపలాదారు నైపుణ్యం తెలుస్తుంది. ‘వచ్చారు, వచ్చారు’ అని అరిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఎడమ ర్యాంపు, ఇద్దరు, ముందువాడికి సగం ప్రాణం’ అంటే నడిమివాడు ఎటు తిరగాలో ఎంచుకోగలడు. జెండా పోతే ‘పోయింది’ అనకండి, ఎటు పోతోందో చెప్పండి.

వెంటపడే విషయంలో ఒక హద్దు పెట్టుకోండి. దొంగను మ్యాపు మధ్య దాకా తరమవచ్చు, అది దాటితే నడిమివాడికి అప్పగించి వెనక్కి రావాలి. లేకపోతే ఒక దొంగ మిమ్మల్ని వెంట తిప్పుకుంటాడు, రెండోవాడు ఖాళీ ఇంట్లో కాపురం పెడతాడు. మీ జెండా దారిలో పడి, చుట్టూ ప్రత్యర్థులు ఉంటే, ప్రాణాలకు తెగించి తాకనక్కరలేదు. వాళ్లెవరూ దాని మీదికి రాకుండా దూరం నుంచి నేలను పేలుస్తూ ఆ 30 సెకన్లూ గడిపేస్తే జెండా దానంతటదే ఇల్లు చేరుతుంది. టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఆ వ్యవధి 60 సెకన్లు. పైగా మామూలుగా అక్కడ సొంత పెట్టెను తాకి వెనక్కి పంపే వీలు లేదు కనుక కాచుకోవడమొక్కటే మార్గం.

ప్రశ్న: టీమ్ ఫోర్ట్రెస్ 2లో ‘టూఫోర్ట్’ మ్యాపు ఎంతసేపు ఆడినా ఎవరికీ పాయింటు రాదు. ఎందుకని? (ఆత్మకూరు)

జవాబు: పెట్టెలు నేలమాళిగలో ఉంటాయి, అక్కడికి పోయే ఇరుకు దారులలో ఇంజనీర్లు తమంతట తామే కాల్చే సెంట్రీ తుపాకులు బిగించి కూర్చుంటారు, జనం వంతెన మీద ఒకరినొకరు కాల్చుకుంటూ కాలక్షేపం చేస్తారు. ఈ ఆటలో మీ పెట్టె బయట ఉన్నా మీరు తెచ్చినదానికి పాయింటు పడుతుంది కాబట్టి స్టాండాఫ్ గొడవ లేదు, దాడినే నమ్ముకోవచ్చు. మెడిక్ (వైద్యుడి పాత్ర) ఇచ్చే ఊబర్ అనే రక్షణ 8 సెకన్లు దెబ్బ తగలనివ్వదు. దాన్ని వంతెన మీద ఖర్చు చేయకుండా నేలమాళిగ మెట్ల దాకా దాచి, సెంట్రీల మీద వాడి, వెనకాలే వేగంగా పరుగెత్తే స్కౌట్‌ను పంపండి. ప్రత్యర్థి వేషంలో తిరిగే గూఢచారి పెట్టె ఎత్తుకోగానే ఆ వేషం పోతుందని మరిచిపోకండి.

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉంటాం. సింగపూర్ సర్వరులో ఆడుతుంటే పింగ్ (కబురు సర్వరుకు పోయి రావడానికి పట్టే సమయం) ఎక్కువ, నేను ముందే కాల్చినా నేనే చస్తాను. చిన్న ఊళ్లో ఉండటమే మా ఖర్మా?

జవాబు: ఊరిని నిందించకండి. ఇంటర్నెట్టును మోసే గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు, అంటే పోయి రావడానికి రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. చెన్నై నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, దానికి పోయి రావడానికి కనీసం 30 మిల్లీసెకన్లు. దీన్ని ఎవరూ తగ్గించలేరు, మధ్యలోని యంత్రాలు ఇంకొంత కలుపుతాయి. అంతకు మించి ఎగిరెగిరి పడుతుంటే దోషం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. హాల్లో ఎవరో సినిమా పెట్టుకుంటారు, మీరు రెండు గోడల అవతల వైఫై మీద ఆడుతుంటారు. రూటరు నుంచి తీగ లాగండి, సగం బాధ తీరుతుంది.

పింగ్ ఎక్కువున్నవాడు ఎదురెదురు కాల్పులకు దిగకూడదు. మూల మలుపులో కాచుకోవడం కూడా వాడికి నష్టమే. మలుపు తిరిగి వచ్చినవాడి తెర మీద మీరు కనిపించిన కొంతసేపటికి గానీ మీ తెర మీద వాడు కనిపించడు. జెండా పరుగు మాత్రం ముందే దారి కంఠస్థం చేసుకుని చేసే పని. అది మీరు తీసుకోండి, కాల్పులు చెన్నైలో ఉన్న మీ మిత్రుడికి వదలండి.

ప్రశ్న: కంప్యూటరు తనంత తానే ఈ ఆట నేర్చుకుని మనుషులను ఓడించిందని మా లెక్చరరు చెప్పారు. నిజమేనా? దాని నుంచి మనం నేర్చుకోవలసింది ఉందా? (ఒంగోలులో ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: నిజమే. డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు క్వేక్ త్రీలోని జెండా ఆటను ఇద్దరిద్దరి జట్లుగా, ఐదేసి నిమిషాల పందేలుగా, ప్రతిసారీ కొత్తగా పుట్టే మ్యాపులలో నేర్పించి, 2019లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. 30 కంప్యూటరు ఆటగాళ్ల గుంపును తయారుచేసి తమలో తాము సుమారు 4,50,000 ఆటలు ఆడించారు. ఆ తరువాత 40 మంది మనుషులతో కలిపి పోటీ పెడితే యంత్రాలదే పైచేయి అయింది. చేతివేగం వల్ల గెలిచాయేమోనని వాటి స్పందనను పావు సెకను దాకా ఆలస్యం చేసి చూసినా ఫలితం మారలేదు.

నాకు ఆసక్తి కలిగించినది గెలుపు కాదు. వాటికి ఎవరూ ఎత్తులు చెప్పలేదు, తెర మీది బొమ్మనూ, పాయింట్లనూ మాత్రమే ఇచ్చారు. అయినా అవి మూడు అలవాట్లకు వచ్చి చేరాయి. సొంత స్థావరాన్ని కాచడం, తోటివాడి వెంట నడవడం, ఎదుటి స్థావరంలో జెండా మళ్లీ మొలిచేదాకా కాచుకుని కూర్చోవడం. కావలి మిత్రులకు ఖాళీ గద్దె దగ్గర ఒకణ్ని దాచమని చెప్పాను కదా, ఆ ఎత్తును పొగతోట సందులో మాకు నేర్పినవాడు పదో తరగతి తప్పి, పగలు జిరాక్సు మిషను నడిపే కుర్రవాడు.

ప్రశ్న: సంక్రాంతికి సింగరాయకొండలో జట్లవారీ పోటీ పెట్టాలనుకుంటున్నాం. జట్టుకు 500 రూపాయలు ఎంట్రీ, వసూలైన డబ్బే బహుమతి. సలహా చెప్పండి.

జవాబు: ఆ డబ్బు ఏర్పాటు మానుకోండి. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను, అవి నైపుణ్యానివైనా, అదృష్టానివైనా, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా గుర్తించింది. మీది ఒకే గదిలో తీగల మీద ఆడే పోటీయే కావచ్చు, అయినా ఆ గీత మీద నడవడమెందుకు? ఊళ్లో ఒక దుకాణదారుని అడిగి కప్పు ఇప్పించుకోండి, ప్రవేశం ఉచితం చేయండి.

ఉచితంగా దొరికే జోనోటిక్ పెట్టుకుంటే ఎవరికీ ఖర్చుండదు, యంత్రాలు మరీ పాతవైతే ‘టీవర్ల్డ్స్’ పెట్టండి. ఆట 20 నిమిషాలు, సగం దగ్గర రంగులు మార్చుకోవాలి. రెండు జట్లనూ వీపులు కలిసేలా కాకుండా ఎదురెదురు గోడలకు వీపు పెట్టించి, మధ్యలో గుడ్డ తెర కట్టండి. మా నెట్ సెంటరులో అద్దం తలుపు మీద మా తెరలు ప్రతిఫలిస్తున్నాయని, అవతలి జట్టు వాటిని చూసి మా దాడులు పసిగడుతోందని కనిపెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. జనరేటరు ముందే మాట్లాడుకోండి. 2003లో ఒక రాత్రి 4–4 దగ్గర, ఆఖరి నిమిషంలో, నేను జెండాతో మా ర్యాంపు ఎక్కుతుండగా కరెంటు పోయింది. ఆ ఆట ఎవరు గెలిచారన్న తగాదా మా ఎనిమిది మందికీ ఇంకా తెగలేదు.